చెరువుగట్టు పార్లమెంటు

సరూర్‌నగర్ చెరువు మీద ఎండ ఇంకా పసిగా ఉన్నప్పుడే సిద్దిరాములు పార్కుకొస్తాడు. వాకర్స్ సంఘానికి పదిహేనేళ్లుగా ఆయనే అధ్యక్షుడు. మఫ్లరు సర్దుకుని, కానుగచెట్టు కింది కుర్చీలో కూర్చుని, రోజూ ఢిల్లీని సరిచేస్తాడు. "ఎంపీ అయినోడు రెండు దఫాలు చేసి ఇంటికి పోవాలె. కుర్చీకి అతుక్కుంటే ఎట్ల?" అంటుంటే ఆయన చేతులు గాలిలో పార్లమెంటు కడుతుంటాయి. ఈ ఆదివారం సంఘం ఎన్నిక. ఎప్పటిలా చప్పట్లతో తేల్చేసేలోపే సభ్యుల్లోంచి సూర్యప్రభ లేచింది. "అన్నయ్యగారూ, ఆ రూలు మన సంఘానికీ పెడదామండీ. ఈసారి నేను నిలబడతాను." సిద్దిరాములు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. చివరికి అందరికంటే ముందు ఆయనే చెయ్యెత్తాడు. "మంచి మాట చెల్లె! పెట్టుకుందాం." తర్వాత కుర్చీ చేతుల్ని మెల్లగా నిమురుతూ అడిగాడు: "గని నా రెండు దఫాల లెక్క ఇయ్యాల్టి సంది షురూ, గదా?"