మర్యాద తెలిసిన దొంగ

మా అమ్మ గాజుల జత పోవడానికి కారణం నా బుద్ధే. ఇంకెవరినీ అనను.

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్న రోజులవి. పక్కింటి ముసలాయన అటక ఖాళీ చేస్తూ పెట్టెడు పాత ఇంగ్లీషు కథల పత్రికలు చెత్తకు పెట్టాడు. పెద్ద యుద్ధానికి ముందువట. కాగితం మట్టిరంగుకు తిరిగి, అంచులు పొడిగా రాలుతున్నాయి. అల్మరా అరల్లో పరచడానికి పనికొస్తాయని నేనే మోసుకొచ్చాను. నేను చదివింది మూడో తరగతి, అదీ తెలుగు. బొమ్మలు తప్ప నాకేమీ తెలియలేదు. పన్నెండేళ్ల మనవరాలు మాత్రం వాటిని పరచనివ్వలేదు. బడి నుంచి వచ్చి, నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ఒక్కో కథా చదివి తనకొచ్చిన తెలుగులో చెప్పేది.

అన్నింట్లోనూ ఒకే రకం దొంగ. నల్ల కోటు, తెల్ల చేతితొడుగులు, గొప్పవాళ్ల విందుల్లో కూర్చునే నాగరికుడు. ఆడవాళ్లు ఎదురైతే టోపీ తీస్తాడు. నగ తీసినచోట తన పేరున్న కార్డు పెట్టి మరీ పోతాడు.

"ఫుడ్ పెట్టినవాళ్ల ఇంట్లో వాడు దొంగతనం చెయ్యడు అమ్మమ్మా. అది వాడి రూల్."

"దొంగకి రూలేమిటే?" అన్నాను గానీ, ఆ మాట నాకు నచ్చింది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని మా నాన్నా చెప్పేవాడు.

అప్పట్లో అమెరికాలో కొత్త ఊరికి వచ్చిన మనవాళ్లు టెలిఫోన్ డైరెక్టరీలో తెలుగు ఇంటిపేర్లు వెతికి ఫోన్ చేసేవారు. ముక్కూ మొహం తెలియకపోయినా రమ్మనేవాళ్లం. అన్నం పెట్టి, పక్క వేసి పంపేవాళ్లం. ఓ రోజు ఒకతను అలాగే ఫోన్ చేసి వచ్చాడు. ఇస్త్రీ నలగని కోటు. బూట్లు గుమ్మంలోనే విప్పి, నా కాళ్లకు దండం పెట్టాడు.

"పిన్నిగారూ, ఇలాంటి చారు తిని రెండేళ్లయింది," అన్నాడు.

పని ఎక్కడ అంటే ఓసారి ఒక కంపెనీ చెప్పాడు, ఇంకోసారి వేరొకటి. కళ్లు గదుల వైపు తిరుగుతున్నాయి. నాకు అనుమానం వచ్చింది. మనవరాలి కోసం దాచిన మా అమ్మ గాజులు నా పెట్టెలో ఉన్నాయి. అల్లుడితో ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. నెయ్యి చెంచాతో కొలిచి వడ్డించే నేను, ఆ పూట గిన్నె వంచాను. మజ్జిగలో ఉప్పు నా చేత్తోనే వేశాను. ఇక వీడు మా జోలికి రాడనుకున్నాను. పెట్టెకు తాళమైనా వేయలేదు.

మర్నాడు ఉప్మా తిని, మళ్లీ దండం పెట్టి వెళ్లాడు. మధ్యాహ్నం పెట్టె తెరిస్తే గాజులు చుట్టిన గుడ్డ మాత్రమే ఉంది.

మనవరాలు అతను పడుకున్న దుప్పటి దులిపి, దిండు కింద చూసింది.

"కార్డు లేదు అమ్మమ్మా."

"వీడు కథల్లోవాడు కాదే. ఉత్త దొంగ."

"పాపకి నీతులు చెప్తావు, దొంగకి నెయ్యి పోశావు," అంది మా అమ్మాయి. ఆ మాట పడ్డాను.

అల్లుడు మాత్రం, "పోనివ్వండి అత్తయ్యగారూ. పోలీస్ రిపోర్ట్ అంటే మనవాళ్లందరి పరువూ పోతుంది. ఎవరికీ చెప్పకండి," అన్నాడు.

అది నాకు సబబుగా తోచలేదు. డైరెక్టరీలో తెలుగు పేర్లు ఇంకా ఉన్నాయి, వాడు రేపు ఆ ఇళ్లకూ పోతాడు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో నంబరూ తిప్పించాను. నా తప్పు నేను చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. అయినా ప్రతి ఇంటికీ అంతా చెప్పాను, అనుమానం వచ్చి కూడా అన్నం పెట్టి ఊరుకున్నానని.

నాలుగో ఇంటావిడ అంతా విని గొంతు తగ్గించింది.

"మా ఇంటికీ వచ్చాడండీ, పోయిన నెలలో. నా గొలుసు పోయింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ అప్పుడే నోరు విప్పి ఉంటే... ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అవతల ఆవిడ ఏడుస్తోంది.

"ఊరుకో అమ్మా. ఇప్పుడు చెప్పావుగా," అని ఫోన్ పెట్టేసి, తర్వాతి నంబరు తిప్పమన్నాను.