పల్చటిదా, మెరిసేదా

నిన్న మా దుకాణానికి కరపత్రాలు వేయిద్దామని పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రెస్సుకు వెళ్లాను. నమూనా కాగితాల కట్ట విప్పగానే పచ్చి సిరా వాసన వచ్చింది. మాయాబందర్‌లో అమ్మకీ పెద్దమ్మకీ జరిగిన గొడవ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఐదేళ్లు. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి కుట్టు దుకాణం నడిపేవారు. క్రిస్మస్ ఆర్డర్ల కోసం అమ్మ కరపత్రాలు రాయించి, అచ్చేసిన నమూనాలు రెండు తెచ్చింది. ఒకటి పల్చటి కాగితం, రెండోది నున్నగా మెరిసేది.

పెద్దమ్మ వాటిని చదివి బల్ల మీదికి విసిరింది. "పల్చటిది చాల్లే. ఇంత షాన్ ఎవరికి చూపించడానికి?"

"మంచిదేదీ నీకు నచ్చదు కదక్కా," అంది అమ్మ.

రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. గొడవంతా కాగితం గురించేననుకుని, తేల్చేద్దామని రెండింటినీ బకెట్లో ముంచాను. పల్చటిది ముద్దయిపోయింది. మెరిసేది నిలిచింది. దాన్ని పెద్దమ్మకు చూపించి, "అమ్మదే గెలిచింది," అన్నాను.

పెద్దమ్మ నావైపు చూడలేదు. "బచ్చీకి కూడా నేర్పించీసావా?" అని అమ్మనడిగింది. ఆ సాయంత్రమే తన మిషను ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

చదవడం వచ్చాక, ఎండి గట్టిపడిన ఆ మెరిసే కాగితం చదివాను. దాని మీద అమ్మ పేరొక్కటే ఉంది. తన పేరెందుకు లేదని పెద్దమ్మ నోరు తెరిచి అడగలేక, కోపమంతా కాగితం మీద చూపించింది.

ఎందుకలా వేయించావని అమ్మనడిగాను.

"చోటు సరిపోలేదు," అంది, బట్ట కత్తిరిస్తూనే.

కాగితం కింద సగం ఖాళీగానే ఉంది.