రోట్లో పడ్డ సాలడ్

మీ రోజుల్లో సాలడ్లు ఉండేవా అమ్మమ్మా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదరా కన్నా. ఉండేవి, కాకపోతే మా ఇంట్లో ఒక్కరోజే, అదీ గంటసేపే. ఆ రోజుల్లో కుంపటి మీద కాల్చిన కూరగాయ ఏదైనా తిన్నగా రోట్లోకే వెళ్ళేది. కాల్చి ముక్కలుగా పళ్ళెంలో పెట్టుకు తినొచ్చని మా చిలకలగూడలో ఎవరికీ తోచలేదు. నిజాం మీద పోలీస్ యాక్షన్ అయిపోయి, రైళ్ళు మళ్ళీ సరిగ్గా తిరుగుతున్న కాలం. గొడవలకు హడలిపోయిన మా అమ్మ (ఆస్పత్రిలో నర్సు, నెత్తురుకు భయపడదు గానీ పుకార్లకు భయపడేది) నన్ను బాపట్లలో మేనత్త దగ్గరకు పంపేస్తానని పెట్టె కూడా సర్దేసింది. నాకేమో సికింద్రాబాద్ వదలడం ప్రాణం పోయినంత పని. ఇక్కడే ఉండాలంటే ఒకటే దారి, నేను చదివిన మిషన్ బడిలో వంట టీచరు ఉద్యోగం. అది ఇవ్వాల్సింది బడి పెద్ద దొరసాని. ఆవిడ తెలుగంతా బైబిల్లోంచి నేర్చుకున్నదే. "అమ్మాయీ, శనివారము మధ్యాహ్నము నీ గృహమునకు వచ్చెదను. నేను నేర్పిన కాల్చిన కూరగాయల సాలడ్ నీవే చేయవలెను. అది కడుపు నింపవలెను" అంది.

శనివారం అమ్మ డ్యూటీకి వెళ్ళగానే మోండా మార్కెట్‌కి పరిగెత్తి వంకాయలు, గుమ్మడిముక్క, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, టమాటాలు తెచ్చాను. అన్నీ బొగ్గుల మీద ఓపిగ్గా తిప్పి తిప్పి కాల్చి, తొక్కలు తీసి, చల్లారబెట్టాను. ఇక ముక్కలు కోసి నిమ్మరసం, మిరియాలపొడి, నూనె కలిపి, పైన ఉడకబెట్టిన గుడ్లు పెట్టడమే మిగిలింది. ఈలోపు రొట్టె కొందామని స్టేషన్ వైపు బేకరీకి వెళ్ళొచ్చేసరికి మా పక్కింటి పెద్దమ్మ మా రోటి ముందు కూర్చుని ఉంది. (కర్ఫ్యూ రోజుల్లో రాత్రుళ్ళు మాకు తోడుగా పడుకున్న మనిషి, మా తలుపు తన తలుపే అనుకునేది.)

"ఏందే బిడ్డా, కాల్చినయ్ కాల్చినట్లే ఇడిసిపెట్టి పోయినవ్. చుట్టాలొచ్చే యాళ్లకు ఆగమైతవని నేనే నూరిన" అంది చెయ్యి కడుక్కుంటూ.

"అయ్యో, అది సాలడ్, పెద్దమ్మా."

"ఏ లాడైతేంది, కడుపులకే పోతది గద. పచ్చిమిరపకాయలు, చింతపండు సుత ఏసిన. పరేషాన్ గాకు."

పరేషాన్ కావడానికి కూడా టైము లేదు, వీధిలో దొరసాని గొడుగు కనిపించింది. పచ్చడిని గాజుగిన్నెలోకి ఎత్తి, పైన గుడ్లు కోసి పువ్వులా పేర్చాను (నా మొహం చూస్తే పువ్వులు ఏ సమాధి మీదో పెడుతున్నట్టే ఉండుంటుంది). ఆవిడ కూర్చుని, "ఇది ఏమి?" అంది. "సాలడండి" అన్నాను, నేల చూస్తూ. ఆవిడ రొట్టెకు దట్టంగా రాసుకుని ఒక ముక్క తింది. ఇంకో ముక్క తింది. ముక్కు ఎర్రబడింది. నా పెట్టె బాపట్ల రైలెక్కిపోయిందనే అనుకున్నాను. అప్పుడు పెద్దమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "పచ్చడి ఎట్లుందమ్మా దొరసానీ" అని అడిగింది.

దొరసాని రుమాలుతో ముక్కు తుడుచుకుని, "నూరుడు మంచిగనే నూరినవ్. ఉప్పే జెర తక్కువైంది" అంది.

అచ్చం పెద్దమ్మ యాసే, దొరసాని నోట! పెద్దమ్మ మాత్రం ఇందులో వింతేముందన్నట్టు, "అవునా, తెస్త ఆగు" అంటూ ఉప్పుజాడీ కోసం లోపలికి వెళ్ళింది. దొరసాని నా వైపు తిరిగి మళ్ళీ బైబిల్లోకి వెళ్ళిపోయింది. "ఇది సాలడ్ కాదని నీకు తెలియునా?"

"తెలుసండి."

"అయినను మంచిది. సోమవారము రమ్ము. పిల్లలకు రెండును నేర్పుము."

సాయంత్రం సంగతి విని అమ్మ పెట్టె విప్పి, నా చీరలన్నీ తిరిగి దండెం మీద వేసింది.

ఆవిడ తన దేశం వెళ్ళిపోయేదాకా ఆవిడ కిందే పనిచేశాను. అన్నేళ్ళలోనూ చేయవలెను, వెళ్ళవలెను తప్ప ఆ నోటి నుంచి ఆ యాస మళ్ళీ వినలేదు. ఎన్నిసార్లో ఆ ప్రశ్న నోటిదాకా వచ్చింది గానీ, పెద్దవాళ్ళని ఎలా అడుగుతామని మింగేశాను. ఇప్పుడైతే డాక్టరుగారి వయసు కూడా అడిగేస్తాను, అప్పుడా ధైర్యం ఏది. దొరసానిగారూ, ఏ ఇంటి వంటింట్లో, ఎవరి పక్కన పీట వేసుకుని కూర్చుని నేర్చుకున్నారండీ ఆ 'జెర'?