కరిగినంతసేపే చల్లదనం

నా చిన్నప్పుడు, మేం నందిగామలో ఉండగా, రోహిణి ఎండల్లో మా చెల్లికి జ్వరం వచ్చింది. నాకప్పుడు పదేళ్లు. కాంపౌండరు గారు మందిచ్చి, నుదుటి మీద చల్లటి గుడ్డ మారుస్తూ ఉండమన్నారు. చల్లటి నీళ్లెక్కడివి? తోడిన బావినీళ్లే గోరువెచ్చగా ఉన్నాయి. నాన్న ఐసు కోసం పొద్దున్నే బస్సెక్కి బెజవాడ వెళ్లి, రంపపు పొట్టులో కప్పి తెచ్చాడు. సంచి విప్పితే తడిపొట్టు తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది.

పక్కింటి తాతయ్య ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. సంగతి తెలిసి, తన పనికి వాడే నవాసాగరం సంచి పట్టుకొచ్చాడు. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, ఆ తెల్లటి పొడి గుప్పిళ్లతో వేశాడు. మధ్యలో మంచినీళ్ల చెంబు పెట్టి, చుట్టూ ఉన్న నీళ్లను గరిటెతో నన్ను కలపమన్నాడు. కాసేపటికే చెంబు జిల్లుమంది. అమ్మ చెంబులోని నీళ్లలో గుడ్డ తడిపి చెల్లి నుదుటి మీద వేసింది.

కానీ ఆ చల్లదనం నిలవలేదు. నేను ఎంత కలిపినా నీళ్లు మళ్లీ వెచ్చబడసాగాయి. చేతులు లాగేస్తున్నా పళ్లు బిగబట్టి ఇంకా గట్టిగా తిప్పాను.

"ఊరికే తిప్పితే ఏం లాభం తల్లీ? అది కరిగేటప్పుడే నీళ్లలో వేడిని లాక్కుంటది. కరిగిపోయాక ఇంకేం లాగుద్ది?" అంటూ తాతయ్య గిన్నెలో నీళ్లు పారబోసి, కొత్తనీళ్లలో మళ్లీ పొడి వేశాడు.

మధ్యాహ్నమంతా అదే తంతు. నాలుగోసారి నీళ్లు వేడెక్కేసరికి గరిటె విసిరికొట్టాను.

"నీ మందు ఎందుకూ పనికిరాదు తాతా!" అని అరిచాను.

అమ్మ కసిరింది. తాతయ్య గరిటె తీసి నా చేతికిచ్చి, సంచి అడుగున మిగిలింది దులిపి వేశాడు. పొద్దువాలేవేళకు చెల్లికి చెమట పట్టి జ్వరం దిగింది.

మర్నాటి నుంచి ఆయన అరుగు మీద గిన్నెలు పేరుకుపోయాయి. ఆడవాళ్లు వచ్చి ఇంకెన్నాళ్లని నిలదీస్తుంటే, "సామాను రాలేదమ్మా, రాగానే వేసిస్తా" అని సర్దిచెప్పేవాడు. సామాను ఏమైపోయిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. గోడకు ఇవతల నిలబడి అంతా విన్నాను. వెళ్లి ఒక్క మాటైనా చెప్పలేకపోయాను.

ఎవరైనా చేసిన సాయం చాలలేదని ఇప్పటికీ నాకు విసుగొస్తుంటుంది. ఆ మాట పైకి అనబోయే ముందు, వాళ్లు దానికోసం ఏం ఖాళీ చేసుకొచ్చారో అని ఒక్క క్షణం ఆగుతాను.