నాలుగు వేళ్ళ కొసరు

సెమిలిగుడ బజారులో సొంత కారున్న ఇళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టే రోజులవి. వాటిలో మాదొకటి. కారుందన్నానే గానీ అది రోజూ నడిచేదని అన్లేదు. తాతగారి హయాంలో కొన్న ఆ అంబాసిడర్ మా బట్టల కొట్టు ముందు ఠీవిగా నిలబడేది. పొద్దున్నే మా నాన్న కొత్త తువ్వాలుతో దాన్ని తుడిచేవారు (నా తల తుడవడానికి మాత్రం పాత తువ్వాలే). నాకు కోరాపుట్ కాలేజీలో సీటొస్తే చదివిస్తానన్నారు, కానీ ఒక్క షరతు. "కార్లో అయితే పంపుతాను. మనింటి ఆడపిల్ల బస్సులో నిల్చోని ఎల్తే బజార్లో నా పరువేటవుతాది?" బస్సులన్నీ మా కొట్టు ముందే ఆగేవి. అయినా మా పరువు కార్లో తప్ప తిరగనంది.

తీరా సీటొచ్చిన వారంలోనే కారు వెనక యాక్సిల్ పుటుక్కుమని విరిగింది. కాలేజీలో చేరే గడువు ముంచుకొస్తోంది. ఇంట్లో ఇద్దరం దిగాలుపడ్డాం, నేను సీటు కోసం, నాన్న కారు కోసం. "విరిగిన ముక్కలు పట్టుకెల్లి కోరాపుట్ షాపులో సూపించండి, అలాటిదే ఇస్తాడు," అన్నాడు మెకానిక్కు. నాన్న నవ్వేశారు. "ఇరిగింది సూపిస్తే మన అవసరం తెలిసిపోదేటి? రేటు పెంచీడూ?" అంతటితో ఆగారా! ముక్కలు రెండూ కలిపి నేలమీద పెట్టించి, కొట్లోని గుడ్డ తానులోంచి పేలిక లాగి, దాంతో పొడుగు కొలిచి, చింపి, మా కొట్టుకి విజయనగరం నుంచి బట్టల బేళ్ళు తెచ్చే లారీ డ్రైవరు చేతికిచ్చారు. "కోరాపుట్ ఎల్తన్నావు గదా, ఈ కొలతకి అంబాసిడర్ యాక్సిల్ ఒకటి పట్టుకొచ్చీ." జాకెట్టు గుడ్డ పురమాయించినట్టే పురమాయించారు.

యాక్సిల్ వచ్చింది. మెకానిక్కు బిగించబోతే చక్రం లోపలికి పోదే! అలిగి పుట్టింటికి బయల్దేరినదానిలా బండికి ఎడంగా నిలబడింది. "పొడుగైపోనాది బాబూ," అన్నాడతను. "అయితే కోసీ," అన్నారు నాన్న. "కోసి కుట్టీడానికి ఇది లంగాయేటండీ?" అని మెకానిక్కు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మర్నాడే కాలేజీ గడువు ఆఖరు. 

తెల్లారి నాన్న, విరిగిన ముక్కల్ని సాక్ష్యంగా చూపించి దాన్ని వాపసు ఇచ్చేస్తానని లేచారు. ఆ రోజు సంత, కొట్లో పనివాళ్ళెవరూ ఖాళీ లేరు. "అమ్మీ, రా! రెండో కొస నువ్వు పట్టుకో. బస్సులో ఎల్లొచ్చీదాం." నేను విన్నది నిజమేనా అనుకున్నాను. నా చదువు కోసం ఎక్కని బస్సు ఇనుము కోసం ఎక్కుతున్నారు! నోరు మూసుకుని సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని, మంచి పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. బస్సులో ఒక్కటే సీటు ఖాళీ. నాన్న అందులో కూర్చుని, కొత్త యాక్సిల్నీ విరిగిన ముక్కల్నీ పక్కన నిలబెట్టి, నన్ను వాటికి కాపలా పెట్టారు. "ఎయిటా పాయిఁ బి టికెట్ లాగిబ," దీనికీ టిక్కెట్టు కావాలన్నాడు కండక్టరు. నాన్న బేరమైనా ఆడకుండా తీశారు. పరువు ఆ పూట ఏ సీటు కింద దూరిందో నాకు కనబడలేదు.

షాపులో నాన్న గట్టిగానే లంకించుకున్నారు. "కొలతిస్తే కొలత ప్రకారం ఇవ్వాల గదా!" షాపాయన సొరుగులోంచి డ్రైవరు ఇచ్చిన మా పేలిక తీసి యాక్సిల్ పక్కన పరిచాడు. అతికినట్టు సరిపోయింది. తర్వాత మా విరిగిన ముక్కల పక్కన పరిచాడు. నాలుగు వేళ్ళు ఎక్కువ! నాన్న తన చెయ్యి దానిమీద పెట్టి చూసుకున్నారు, సరిగ్గా ఆయన వేళ్ళే. తరాలుగా ఏ గుడ్డ చింపినా మా కొట్లో నాలుగు వేళ్ళు కొసరు వేసి చింపడం అలవాటు. ఆ చెయ్యి ఇనుముకీ కొసరు వేసేసింది. నాకు నవ్వాగలేదు. షాపాయన జాలిపడి పాత మోడల్‌ది వెతికి, మార్చి ఇచ్చాడు.

బయటికొచ్చాక, "నాన్నా, కాలేజీ ఈ పక్కనే. ఇవాళే ఆఖరు," అన్నాను.  ఆయన నన్నూ, నా సంచినీ, మంచి డ్రెస్సునీ ఎగాదిగా చూశారు. "ముందే సిద్ధపడి వచ్చేవేటే? పద. ఇన్ని టిక్కెట్లు పెట్టి వచ్చి, ఒక్క పనితోటి ఎల్తే దండగ గదా." అలా మా నాన్న బస్సు ఛార్జీలు గిట్టించుకోవడానికి నన్ను కాలేజీలో చేర్పించారు.

తిరుగు బస్సులోనూ ఒక్కటే సీటు. నాన్న యాక్సిల్ వైపు చూశారు, నా వైపు చూశారు. "కూకో అమ్మీ," అని దాన్ని భుజాన ఆనించుకుని తను నిల్చున్నారు. మా కొట్టు ముందు బజారంతా చూస్తుండగా అలాగే దిగారు.

కారు బాగయింది, మళ్ళీ చెడింది. నేను మాత్రం చదువంతా బస్సులోనే పూర్తిచేశాను. ఇప్పుడు నా కారు నేనే నడుపుకుంటాను. అయినా దారిలో కిక్కిరిసిన బస్సు కనిపిస్తే, చున్నీ నిండా గ్రీజు పూసుకుని కిటికీ పక్కన దొరసానిలా కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. పోకపోతే ఏం, కాలేజీ మొదటిరోజు కూడా అదే చున్నీ వేసుకుని వెళ్ళింది, పిచ్చిది.