పక్క మీదికి కాఫీ

కాఫీ విషయంలో క్లోవిస్ నకాన్ మహా మొండివాడు. మిగతా విషయాల్లో అంత మంచివాడు మా కాలవ పొడుగునా వెతికినా దొరకడు. అడిగితే పడవ ఇస్తాడు, అడక్కపోయినా రొయ్యలిస్తాడు. కాని మీ ఇంటికొచ్చినప్పుడు మీరిచ్చిన కాఫీ పల్చగా ఉందనుకోండి, ఒక్క మాట అనడు, కప్పు కింద పెట్టి కిటికీలోంచి వాతావరణం చూస్తాడు. ఆయన అలా వాతావరణం చూశాడంటే ఆ ఇంటి ఇల్లాలికి వారం రోజులు నిద్ర పట్టదు. మా లరోజ్ ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆయన కారు గుమ్మం ముందు ఆగగానే పాత డికాక్షన్ పారబోసి కొత్తది మొదలుపెట్టేవాళ్లు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన మిసిసిపీ నది మీద సరుకు బల్లకట్లను తోసే పడవల్లో వంటవాడు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ల మీద, పద్నాలుగు రోజులు ఇంట్లో. పెళ్లయ్యాక మొదటిసారి ఇంటికొచ్చిన రోజున భార్య వెర్లీ దుప్పటి ముసుగులోంచే షరతు పెట్టింది.

"ఇరవై ఎనిమిది రోజులు నా కాఫీ నేనే పెట్టుకుని తాగాను. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్లూ పక్క మీదికి కాఫీ రాకపోతే నేను లేవను. చూసుకో మరి!"

కొత్త పెళ్లికూతురు సరసానికి అన్న మాట అది. క్లోవిస్ దాన్ని చట్టంగా తీసుకున్నాడు. మా వైపు మొగుళ్లు పక్క మీదికి కాఫీ తెచ్చివ్వడం వింతేమీ కాదు. వింత ఏమిటంటే, నలభై ఎనిమిదేళ్లలో ఇంట్లో ఉన్న ఏ రోజూ ఆయన ఆ పని తప్పలేదు. తుఫానుకు ఇంటి కప్పు లేచిపోయిన మర్నాడు పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, నీళ్లు మరగబెట్టి, తడిసిన పరుపు మీద కూర్చుని ఏడుస్తున్న వెర్లీ చేతికి కప్పు అందించాడు. ఇద్దరూ మాట్లాడుకోని రోజుల్లో కూడా కాఫీ వచ్చేది, కాకపోతే బల్ల మీద పెట్టేటప్పుడు కాస్త గట్టిగా చప్పుడయ్యేది. నువ్వంటే నాకు ఇష్టం అని ఆయన ఆమెతో ఎన్నడూ అనలేదు. అనాల్సిందంతా ఆ కప్పులో పోసి ఇచ్చేవాడు, ఆమె తాగేది.

రెండేళ్ల కిందట ఆయన కుడి చేతికి వణుకు వచ్చింది. "దీంతో మీరు పోరు, కాని ఇది కూడా పోదు" అన్నాడు డాక్టరు. సరేలే అనుకున్నాడు క్లోవిస్. గుండీలు పెట్టుకోవడం కష్టమైతే గుండీల్లేని చొక్కాలు కొనుక్కున్నాడు. కాఫీకి మాత్రం అలాంటి దారి లేకపోయింది. ఆయన కాఫీ పెట్టేది వాళ్లమ్మ నాటి తెల్ల ఎనామిల్ కూజాలో. అడుగున చిల్లులున్న దాని పైగిన్నెలో పొడి వేసి, మరిగే నీళ్లు ఒక్కో చెంచా పోయాలి. ఒక చెంచా దిగాకే ఇంకొకటి. గబగబా పోస్తే అది కాఫీ కాదు, పొడి కడిగిన నీళ్లు. స్థిరంగా ఉన్న చేతికే పావుగంట పట్టే పని అది.

క్లోవిస్‌కు గంటంపావు పట్టసాగింది. వంటింటి తలుపు మూసుకుని, మోచెయ్యి గట్టుకు ఆనించి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పోసేవాడు. సగం చెంచాలు పొయ్యి మీదే ఒలికేవి. అంతా అయ్యాక పొయ్యి, గట్టు, నేల తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, అప్పుడు సగం కప్పు తీసుకెళ్లి వెర్లీని లేపేవాడు. సగమే ఎందుకని ఆమె అడగలేదు. ఆయనకు భయమల్లా ఒక్కటే. ఏదో ఒక రోజు ఆమె చూస్తుంది, చూసి, "ఇలా ఇవ్వు, నేను పెడతాలే" అంటుంది. ఆ మాట ప్రేమతోనే అంటుందని ఆయనకు తెలుసు. అయినా ఆ మాటతో తన చేతిలో ఇక ఏమీ మిగలదనుకున్నాడు.

అలాంటి సమయంలో చర్చి పండగ లాటరీలో వెర్లీకి ఓడ ప్రయాణం తగిలింది. న్యూ ఆర్లీన్స్ నుంచి మెక్సికో దాకా ఏడు రోజులు, ఇద్దరికి.

"ముప్పై ఒక్క ఏళ్లు పడవ మీద బతికినోణ్ణి. మళ్లీ సెలవుకు పడవెక్కాలా?" అన్నాడు క్లోవిస్.

"అప్పుడు ఎక్కింది నువ్వు. ఇప్పుడు ఎక్కేది నేను. వండేవాడు ఇంకోడు, తోమేవాడు ఇంకోడు. నోరు మూసుకుని పెట్టె సర్దు" అంది వెర్లీ.

సర్దాడు. కూజా, నల్లగా వేయించిన పొడి రెండు పొట్లాలు, చెంచా, ఒక చిన్న కరెంటు కెటిల్. ఓడల్లోకి కెటిళ్లు రానివ్వరని పక్కింటి వాళ్లు చెప్పారు. అందుకని బుద్ధిమంతుడు దాన్ని వెర్లీ పూల నైటీలో చుట్టి పెట్టె అడుగున పెట్టాడు. రేవులో పెట్టెలు చూసే ఆవిడ వరుసలో అందరి ముందూ ఆ నైటీని మెల్లగా విప్పింది.

"ఏంటండీ ఇది?"

"మా ఆవిడ నైటీ."

"లోపలిది అడుగుతున్నా."

"లోపల మా ఆవిడ ఉండాలి. ఇప్పుడు కెటిల్ ఉంది" అన్నాడు క్లోవిస్. ఆవిడ నవ్వింది కాని కెటిల్ మాత్రం ఇవ్వలేదు, దిగే రోజున తీసుకోమంది. కూజాకు వైరు లేదు కాబట్టి వదిలేసింది. వెర్లీ నైటీని చంకలో కుక్కుకుని, ఓడ ఎక్కేదాకా ఆయన్ని తెలియనట్టే నడిచింది.

గది రెండో అంతస్తులో, కిటికీ కూడా లేనిది. మంచానికీ బల్లకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగితేనే దూరగలడు. క్లోవిస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇక్కడ మూసుకోవడానికి వంటింటి తలుపు లేదు. ఏం చేసినా ఆమె కళ్లెదుటే చెయ్యాలి.

మొదటి రోజు పొద్దున్నే లిఫ్టెక్కి పదకొండో అంతస్తుకు పోయి, టిఫిన్ల హాల్లో యంత్రం మీట నొక్కి కప్పు పట్టుకొచ్చాడు, పైన మూత పెట్టి. అది కాఫీ అని యంత్రం మీద రాసుంది కాబట్టి నమ్మాలి. వెర్లీ ఒక గుక్క తాగింది.

"వేడిగా ఉంది" అంది.

అంతకు మించి ఏమీ అనలేదు. నలభై ఎనిమిదేళ్లలో అంత పెద్ద తిట్టు ఆయన తినలేదు.

రెండో రోజు కూజా పట్టుకుని వెళ్లాడు. వేడినీళ్ల కుళాయి పక్కన నిలబడి ఒక్కో చెంచా పోయడం మొదలెట్టాడు. వెనకాల టీ పొట్లాలు పట్టుకుని జనం చేరారు. పొట్టి లాగూ వేసుకున్న ఒహాయో ఆయన మెడ సాచి చూశాడు.

"ఏం పెద్దాయనా, రక్త పరీక్ష చేస్తున్నారా?"

"మీ కప్పులోది చచ్చి నాలుగు రోజులైనట్టుంది. దానికెలాగూ లాభం లేదు. దీన్నైనా బతికిద్దామని" అన్నాడు క్లోవిస్. వరుసంతా నవ్వింది. కాని కుళాయి నీళ్లు మరిగినవి కావు. అరగంట తంటాలు పడితే వచ్చింది గోధుమరంగు నీళ్లు. పైగా గట్టంతా చిందరవందర. జేబురుమాలు తీసి తుడవబోతుంటే ఇంకో చెయ్యి వచ్చి గుడ్డతో తుడిచేసింది.

ఆ చెయ్యి బొనిఫాసియోది. గుడ్లు వేయించే పొయ్యి దగ్గరుండే ఫిలిప్పీన్స్ ఆయన. యాభై దాటి ఉంటాయి, ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు. ఆయన మొదట కూజాను చూశాడు, తర్వాత క్లోవిస్ చేతిని చూశాడు, చేతి గురించి ఏమీ అనలేదు.

"నీళ్లు కుతకుతా ఉడకాలి కదా పెద్దాయనా దీనికి?"

"వంటోడివా తమ్ముడూ?"

"ఇరవై రెండేళ్లు, అన్నీ ఓడలే."

"నాది ముప్పై ఒకటి, పడవలు. ఈ కాఫీ నువ్వు తాగుతావా?"

బొనిఫాసియో చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ పనిచేసేవాళ్లెవరూ తాగరండీ. రేపు ఐదున్నరకు రండి. ఫ్లాస్కులో మరిగే నీళ్లు నేను పట్టుకొస్తా. ఆ పళ్లరసాల యంత్రాల వెనక మూల బల్ల ఉంది, అక్కడైతే మిమ్మల్నెవరూ చూడరు."

చూడరు అన్న మాట ఆయన కావాలనే అన్నాడని క్లోవిస్‌కు అర్థమైంది. బొనిఫాసియో భుజం తట్టి వచ్చేశాడు.

మూడో రోజు మూల బల్ల దగ్గర గంటసేపు కూర్చుని, చిందినంత చిందగా మిగిలిన దాంతో కాఫీ దించాడు. నల్లగా, చిక్కగా, ఇంటి వాసనతో దిగింది. కూజాకు తువ్వాలు చుట్టి, మూతను గడ్డంతో అదిమి, రెండు చేతులా గుండెకు హత్తుకుని రెండో అంతస్తుకు దిగాడు. వెర్లీ లేచి దిండుకు ఆనుకుంది, ఒక గుక్క తాగింది, కళ్లు మూసుకుంది. కప్పు ఖాళీ చేసి మళ్లీ చాచింది. ఆ రోజు క్లోవిస్ నడవలో నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. మెక్సికోలో దిగి ఏం చూశాడో ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు. నాలుగో రోజూ కాఫీ అలాగే దిగింది, మాటల్లో తమ గది నంబరు కూడా బొనిఫాసియోకు చెప్పాడు.

ఐదో రోజు తెల్లవారేసరికి సముద్రం తిరగబడింది. ఓడ ఒక పక్కకు ఒరిగి, ఆలోచించుకుని, రెండో పక్కకు ఒరుగుతోంది. లిఫ్టులు ఆపేశామనీ, ఎవరూ గదులు దాటి రావద్దనీ గోడలోంచి కెప్టెన్ గొంతు చెప్పింది. క్లోవిస్ బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చుండిపోయాడు. ఇంతలో తలుపు మెల్లగా చప్పుడైంది. బొనిఫాసియో, ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చేతిలో ఫ్లాస్కు.

"నడవొద్దన్నది మీకు పెద్దాయనా, నాక్కాదు. మరుగుతున్న నీళ్లు. జాగ్రత్త" అని ఇచ్చి, గోడలు పట్టుకుంటూ వెళ్లిపోయాడు.

వెర్లీ గోడవైపు తిరిగి గురక పెడుతోంది. క్లోవిస్ కూజా తీసుకుని స్నానాల గదిలోకి పోయాడు. అక్కడ కూజా పెట్టే చోటే లేదు, పెట్టినా జారిపోతోంది. ఇక తప్పక మళ్లీ గదిలోకి వచ్చి బల్ల మీద తడి తువ్వాలు పరిచి దాని మీద నిలబెట్టాడు. మొదటి చెంచా బల్ల మీద పడింది. రెండోది పొడి మీద పడింది. ఓడ ఊగడం, చెయ్యి ఊగడం ఒకదానికొకటి పొసగలేదు. చెంచా ఎనామిల్ అంచుకు తగిలి టకటకమంటోంది. ఆ చప్పుడుకు ఆయన ప్రాణం పోతోంది. ఎన్ని చెంచాలు పోశాడో, ఓడ ఒక్కసారి విదిలించింది. కూజాను ఒక చేత్తో పట్టుకున్నాడు కాని ఫ్లాస్కు పక్కకు ఒరిగి, నీళ్లు సగానికి సగం తివాచీ పాలయ్యాయి.

క్లోవిస్ కుర్చీలో కూలబడ్డాడు. చేతిని ఒళ్లో పెట్టుకుని దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు వరదల్లో, గాలివానల్లో పదిమందికి వండి పెట్టిన చెయ్యి. దాని మీద కోపం రాలేదు, జాలేసింది.

గురక మాత్రం ఆగలేదు. అప్పుడు ఆయనకు అనుమానం వచ్చింది. ఫ్లాస్కు అంత చప్పుడుతో పడితే మెలకువ రాలేదా? పైగా వెర్లీ గురక ఇలా ఉండదు. మధ్యలో ఆగుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మొదలవుతుంది. ఇది ఆగకుండా ఒకే వరసన సాగుతోంది.

"వెర్లీ, నువ్వు నిద్రపోవడం లేదు."

"పోతున్నా."

"ఎప్పట్నుంచి మెలకువగా ఉన్నావు?"

గోడవైపు నుంచే జవాబు వచ్చింది.

"రెండేళ్ల నుంచి."

ఆమె ఇటు తిరగలేదు, గోడకే చెప్పింది.

"పొద్దున నాలుగింటికి నీ చెంచా మోత మొదలవుతుంది. తర్వాత నేల తుడుస్తావు. గుడ్డ పిండుతావు. నీళ్లు కారడం, అన్నీ వినపడతాయి, ఆ తలుపు అట్టముక్క కంటే పల్చన. నేనేమో అటు తిరిగి గురక పెడుతుంటా. గంటంపావు గురక పెట్టడం ఏమైనా తేలికనుకున్నావా?"

ఆయనకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"మరి ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే సిగ్గుపడి ఆ పని నాకిచ్చేస్తావని." ఇప్పుడు ఆమె లేచి కూర్చుంది. జుట్టంతా రేగి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకియ్యకు క్లోవిస్. నాకొద్దు. పొద్దున్నే నా కోసం నువ్వు అలా తంటాలు పడుతుంటే వింటూ పడుకుంటానే, అదే నాకు బాగుంటుంది. పాపిష్టిదాన్ని, లేచి సాయం చెయ్యాల్సింది పోయి. కాని బాగుంటుంది."

ఇద్దరూ ఒకే దానికి భయపడుతూ, గోడకు చెరో పక్క, రెండేళ్లు గడిపారు. అది తలచుకుంటే ఆయనకు గుండె బరువెక్కింది, తేలికా పడింది.

"నీళ్లు సగం పోయాయి. చల్లారిపోతున్నాయి కూడా" అన్నాడు.

"ఇటు తే. కూజా నా ఒళ్లో పెట్టు, కింద దిండు పెట్టు."

పెట్టాడు. ఆమె మోకాళ్లతో కూజాను పట్టి నిలబెట్టి, చెంచా ఉన్న ఆయన మణికట్టును తన చేత్తో పట్టుకుంది.

"ఇదేంటి, నువ్వే పెడతావా?" అన్నాడు ఆయన.

"నాకు కాఫీ పెట్టడం రాదు. మర్చిపోయి చాలా ఏళ్లయింది. నువ్వే పెట్టు. నీ చెయ్యి పట్టుకుంటా, అంతే."

ఆయన చెంచా ముంచి పోశాడు. వణుకు తగ్గలేదు, ఆమె చేతికి కూడా పాకింది. రెండు చేతులూ కలిసి వణికాయి, నీళ్లు మాత్రం పొడి మీదే పడ్డాయి.