ఫెర్రెట్‌కి ఖర్జూరాలు

“...మా పాప ఫెర్రెట్‌కి పెట్టింది ఖర్జూరాలే కదయ్యా, విషం కాదుగా!” అన్నాడు మేనేజర్ యిర్మీయా, ముంగిసలాంటి ఆ పెంపుడు జంతువుని చూపిస్తూ.

“దానికి అదే విషం. మాంసం తప్ప ఏదీ పెట్టొద్దని చెప్పలేదా? మీ బావమరిదికి చూపించకపోయారా సార్?” అన్నాడు ప్రేమానందం.

రియాద్‌లో, మలాజ్ పేటలోని పెంపుడు జంతువుల షాపులో ప్రేమానందంది పదకొండేళ్ల పని. సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూలు వల్ల ఒకరిని పంపెయ్యాల్సి వస్తే, యిర్మీయా తన బావమరిదిని ఉంచుకుని, ప్రేమానందానికి దేశం వదిలి వెళ్లిపొమ్మనే ఎగ్జిట్ వీసా కొట్టించాడు. అప్పటినుంచీ ప్రేమానందం, యిర్మీయా తన దగ్గరికే రావాల్సిన ఇలాంటి రోజు కోసమే కాచుకున్నాడు.

వణుకుతున్న ఫెర్రెట్‌ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. సాయంత్రానికి అది లేచి కోడిమాంసం తింది.

“మా పాపకి అదంటే ప్రాణం. ఇలా ఇచ్చెయ్ తమ్ముడూ,” అన్నాడు యిర్మీయా.

“నేను ఫ్లైటెక్కేదాకా నా దగ్గరుంటుంది. తర్వాత డాక్టర్ గారింట్లో. మీకు మాత్రం ఇవ్వను.”